లోపల పెట్టిన పసుపు

తొంభైల చివర్లో సంగతి. సింగరాయకొండ బస్టాండు వెనక నాది గడియారాల కొట్టు, పక్కనే ఇషాక్ రేడియో కొట్టు. తొందరంటే ఇషాక్‌కి గిట్టదు. రాగిరేకు అతికిన బోర్డు మీద గోళ్లరంగుతో గీతలు గీసి మందునీళ్లలో ముంచేవాడు. రంగు కిందున్న రాగి మాత్రం మిగిలేది, అదే కరెంటుకు దారి.

"హై ఫ్రీక్వెన్సీలో తీగ కాస్త వంకరపోయినా లెక్కే జక్రయ్యా" అని నాకు పాఠాలు చెప్పేవాడు. కాయిల్ చుట్ల మధ్య ఎడం అగ్గిపుల్లతో సర్ది, కదలకుండా మైనం చుక్క వేసేవాడు. ఆ సందులో ఏది పడినా రేడియో మూగబోతుందట. వినీ వినీ నాకు విసుగు పుట్టేది.

పాకల రేవులో పడవ నడిపే కోటేష్‌కి అలాంటి కాయిల్‌తోనే వైర్‌లెస్ పెట్టె చేసిచ్చాడు. దాని జోడు కొట్లో ఉండేది. రేడియోలో తుఫాను కబురు వినగానే ఇషాక్ పిలిచేవాడు, కోటేష్ ఒడ్డుకు మళ్లేవాడు. మూత మాత్రం తీయొద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు. పనిమంతులకు ఈ జబ్బొకటి.

దసరా వెళ్లిన మర్నాడు కోటేష్ వేటకు పోయాడు. తుఫాను కబురొచ్చింది. ఇషాక్ గొంతు పోయేదాకా పిలిచినా బదులు లేదు. మిగతా పడవలు మబ్బు చూసి తిరిగొచ్చాయి. పెట్టె ఉందిగదా అన్న ధీమాతో కోటేష్ ఇంకా లోపలికి పోయాడట.

పడవ బోర్లాపడి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కోటేష్ రాలేదు. పడవకు బిగించిన పెట్టెను తెచ్చి ఇషాక్ నా ముందే విప్పాడు. రబ్బరు బిగింపు గట్టిది, సముద్రపు నీరు చుక్క దిగలేదు. కాయిల్ చుట్ల నిండా పసుపు ముద్ద, ఇంకా తడారలేదు. స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టి స్విచ్ వేస్తే పెట్టె శుభ్రంగా పలికింది. నాకు ఏడుపాగలేదు.

అంతలో కోటేష్ భార్య రాజ్యం వచ్చింది.

"ఆయుధ పూజకి పైరేకుకి బొట్టు పెడితే ఏం లాభమని, మూత తీసి లోపలే పసుపు కుంకుమ పెట్టానన్నా. అయినా ఎందుకు పలకలేదు?"

ఇషాక్ పెట్టె మీద తువ్వాలు కప్పాడు.

"తప్పు నాదేనమ్మా. టంకం సరిగ్గా పట్టలేదు."

నేను నోరు తెరవబోతే కాలు తొక్కాడు.

ఊరంతా నమ్మింది. అతను చేసిచ్చిన రేడియోలన్నీ తిరిగొచ్చాయి. రాజ్యం కొట్టు ముందు దుమ్మెత్తి పోసేది, అతను తలొంచుకుని వినేవాడు. చివరికి కొట్టు మూసి పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో మోటార్లు బాగుచేయడానికి పోయాడు. ఆ దుమ్ముకే ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు.

ఆ కబురు రాజ్యానికి నేనే చెప్పాను. "నా ఉసురు తగిలింది" అని దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఒళ్లు మండిపోయింది. నిజం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఇషాక్ తన బతుకంతా పోసి కొన్న అబద్ధమది, పాడుచేయడానికి నేనెవణ్ణి? కిందటేడు రాజ్యం కూడా పోయింది. అందుకే ఇప్పుడు చెబుతున్నాను.