"పండుకునేది ఎవురు?" అని అడిగిన మునెమ్మత్త

మునెమ్మత్త కన్నుమూసిందన్న కబురు పోయిన శుక్రవారం తిరుత్తణిలో నేను పాఠం చెబుతుండగా వచ్చింది. అత్త ఊరైన కనకమ్మ సత్రం నుంచి బస్సులో వచ్చిన మనిషి బడి వరండాలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పి తల దించుకున్నాడు. ఆమె దేహస్థితి క్షీణించిందని తెలిసినా, నాలుగు రోజుల కిందటే చూసి వచ్చినా, ఆ వార్త పిడుగుపాటే అయింది. ఆమె మా మేనమామ భార్య. నాకు సూది పట్టడం నేర్పిన గురువు. ముప్పై ఏళ్లుగా మా చుట్టుపక్కల నేతవారి ఇళ్లలో పుట్టిన ప్రతి బిడ్డకూ తొలి పక్క సమకూర్చిన పుణ్యమూర్తి. మన తెలుగు సంఘం సంచికకు ఆమె గురించి నాలుగు మంచిమాటలు రాయమని పెద్దలు అడిగారు. రాస్తాను. కాని నా కడుపు మండుతోంది, అది కూడా రాస్తాను. ఇష్టం లేనివారు ఇక్కడే పుట తిప్పేయవచ్చు.

బొంత అంటే పాతగుడ్డల మూట అని చదువుకున్నవాళ్లకు చులకన. పైగుడ్డ అందరికీ కనిపిస్తుంది, రంగు బాగుందంటారు. లోపల ఏం పెట్టారో ఎవరూ అడగరు. అత్త ప్రజ్ఞ అంతా ఆ లోపలే. ఎవరైనా బొంత కుట్టిపెట్టమని వస్తే ఆమె మొదట అడిగే మాట ఒకటే: "పండుకునేది ఎవురు?" పసిబిడ్డకైతే బాగా నలిగిన నూలు చీరలు నాలుగు మడతలు. తడిని పీల్చుకోవాలి, రోజూ ఉతికినా పొద్దుగూకేలోగా ఆరిపోవాలి. చలికి వణికే ముసలివారికైతే ఏకిన పత్తిదూది, అదీ పలచగా పరిచి, రెండు వేళ్ల ఎడంతో కుట్టు. కుట్టు దూరమైతే దూది ఓ మూలకు చేరి ముద్దవుతుందని ఆమె భయం. బూరుగు దూది తెచ్చినవారిని మాత్రం గుమ్మంలోంచే పంపేసేది. "అది తలగడకు పెట్టుకోండమ్మా. ఒక్క ఉతుక్కే ఉండలు కట్టుకుంటాది. రాళ్ల మింద పండుకున్నట్టే" అనేది.

నా మొదటి బొంత సంగతి చెప్పాలి. అప్పుడు నాకు పదహారేళ్లు. మా అక్క కాన్పుకు వస్తోంది. నేతవాళ్ల పిల్లను కదా, మగ్గం చివర మిగిలిన కొత్తముక్కలు ఇంటినిండా ఉన్నాయి. మా అక్క బిడ్డకు పాతగుడ్డలేమిటి, అన్నీ కొత్తవే పెడతానని గర్వంగా పేర్చి కుట్టాను. నెల తిరిగేసరికి ఎలుకలు బొంతను జల్లెడ చేశాయి. పడుగు దారాలకు పట్టించిన గంజి వదలగొట్టకుండా అలాగే లోపల పెట్టానన్నమాట. మిగిలిన భాగం ఉతికితే ముడుచుకుపోయి అప్పడంలా లేచింది. అత్త నవ్వలేదు, కోప్పడనూ లేదు. పక్కన కూచోబెట్టుకుని కుట్లన్నీ విప్పించింది.

"ఏమ్మే, గంజి తాగి పెరిగినోళ్లం. గుడ్డలో గంజి ఉంటాదని మనకే తెలీకపోతే ఎట్ల? కొత్తగుడ్డ ఒంటికి. లోపలికి మాత్రం ఎవురో ఒకరు కట్టి, ఉతికి, మెత్తగా చేసింది కావల్ల" అంది. అప్పటినుంచి నేను ఆమె శిష్యురాలిని.

తిరువళ్లూరులో ఒక జవుళి వ్యాపారి ఉండేవాడు. పేరు అనవసరం. అత్త కుట్టిన బొంతలకు పేరుందని విని, దర్జీ కొట్టుల్లో మిగిలిన టెరిలీన్ పీలికలు గోతాలనిండా ఆమె గడపలో దింపాడు. "పాట్టీ, అవ్వా, లోపల ఎవురు చూస్తారు? సీక్రంగా కుట్టిచ్చేయ్. బయట మాత్రం మంచి చీర వేస్తే చాలు" అన్నాడు. అత్త ఒక పీలికను దీపానికి చూపించింది. అది కరిగి నల్లటి గట్టి ఉండ అయింది. తన పైట కొంగులోంచి ఒక పోగు లాగి అదీ కాల్చింది. అది మెత్తటి బూడిదయింది. రెండూ అతని అరచేతిలో పెట్టి, "వీటిల్లో నీ మనవడి కింద ఏది పరుస్తావో చెప్పు. నువ్వు చెప్పిందే కుడతాను" అంది. గోతాలు వచ్చిన బండిలోనే వెనక్కి పోయాయి. అతను మరొకరితో అవే కుట్టించి, మునెమ్మ బొంతలని చెప్పి అమ్ముకున్నాడు. ఇప్పుడు ఆ మహానుభావుడే ఇంటికి వచ్చి, ఆవిడంతటి నిజాయితీపరురాలు లేదని కళ్లు తుడుచుకుని పోయాడు. ఆయన కన్నీళ్లు చూసి నాకు ఒళ్లు మండింది.

మామ చనిపోయిన ఏడాది అత్త తనకోసం ఒక బొంత కుట్టుకుంది. దానికి నేనే సాక్షిని. లోపల ఆమె తల్లి కట్టి విడిచిన చీర ఒకటి, మామ తన మగ్గం మీద చివరిసారి నేసి ఆరేళ్లు కట్టిన పంచెలు రెండు. ఇంకేమీ లేదు. దూది పోగు కూడా పెట్టలేదు. కొడుకులిద్దరినీ పిలిచి చూపించి, "నేను లేవలేకపోయిన నాడు నా కింద ఇది పరచండి. ఇంకేమీ అడగను" అంది. "సరిమ్మా" అన్నారు మా బావలు. బొంత ట్రంకుపెట్టెలో చేరింది.

ఆమె లేవలేని రోజు వచ్చింది. పెద్దబావ మద్రాసు నుంచి రెక్సిన్ తొడుగు వేసిన ఫోమ్ పరుపు తెచ్చాడు. చూడవచ్చినవారంతా ముందు పరుపు నొక్కి చూసి, తరువాత అత్తను చూసేవారు. ఆ వైశాఖపుటెండలో రెక్సిన్ మీద చెమట నిలిచి ఆమె వీపంతా ఒరిసిపోయింది. "అబ్బయా, పెట్టెలోది తీసి పరుచురా" అని ఆమె ఎన్నిసార్లు అడిగిందో నాకు తెలుసు. పెద్దబావ సమాధానం కూడా నా చెవులతో విన్నాను. "వచ్చేపొయ్యేటోళ్లు చూస్తే ఏమనుకుంటారు? ఇద్దరు కొడుకులుండి తల్లిని పాతగుడ్డల మీద పండేసినారంటారు. ఊరుకోమ్మా" అన్నాడు.

బావలనే అని నేను తప్పించుకోను. చివరిసారి వెళ్లినప్పుడు అత్త నా చెయ్యి పట్టుకుని, "నువ్వన్నా పరుచు పాపా" అంది. పెట్టె తాళం పెద్దబావ దగ్గర ఉంది. అతను డ్యూటీకి పోయాడు. ఆఖరి బస్సు తప్పిపోతుందని, "ఆదివారం వచ్చి నేనే పరుస్తానత్తా" అన్నాను. ఆమె నా చెయ్యి వదిలేసింది. ఆదివారం ఆమె లేదు.

అసలు అన్యాయం ఇక వినండి. పోయినవారు పడుకున్న పక్క పాడెతోపాటు కాటికి పంపడం మా ఆచారం. తెచ్చి నెల తిరగని ఫోమ్ పరుపును పారేయడానికి మా బావలకు మనసొప్పలేదు. చిన్నబావ పెట్టె తాళం తీశాడు. ఆమె బతికుండగా అడిగి అడిగి నోరెండిన ఆ బొంతను తీసి, ఆమె పడుకున్న పక్క ఇదేనని చెప్పి పాడె వెంట పంపారు. తల్లికి పరచడానికి సిగ్గుపడిన గుడ్డ, కాటికి మోయడానికి సిగ్గనిపించలేదు. పరుపు ఇప్పుడు మిద్దెమీద ఎండలో ఆరుతోంది.

ఆడవాళ్లు పోకూడదన్నా, మూడోనాడు నేను వంకగట్టున ఉన్న కాటికాపరి ఇంటికి పోయాను. అక్కడ విడిచిన గుడ్డలు వాళ్లకే చెందుతాయి. బతిమాలి అయినా బొంత తిరిగి తెచ్చుకోవాలని నా ఉద్దేశం. కాటికాపరి కోడలు గుమ్మంలోకి వచ్చింది. లోపల బొంత పరిచి ఉంది. దాని మీద పసిబిడ్డ నిద్రపోతోంది.

"ఆ బొంత మా అత్తది" అన్నాను.

ఆమె లోపలికి నడిచి బిడ్డ పక్కన నిలబడింది. "మేడం, సచ్చినోళ్ల పక్కలు ఎన్నో చూసినాను. మందు వాసన ఉంటాది, మనిషి వాసన ఉంటాది. దీంట్లో ఎవురూ పండుకోలేదు. అందుకే ఉతికి పాపకు ఏసినాను" అంది. తరువాత వంగి, బిడ్డ పక్కన బొంతను అరచేత్తో నిమిరింది. "ఎవురు కుట్టినారో గానీ, లోపల పెట్టింది ఏం మెత్తన! యాడా ఒక్క ఉండ తగల్లేదు."

కన్నకొడుకులకు పట్టని సత్యం ఆ చేతికి పట్టింది. ఇక ఏం అడగను? బిడ్డకెన్నాళ్లని, పేరేమని మాత్రం అడిగి వెనుదిరిగాను. ఊళ్లో దుకాణాలకు, పరుపులకు కొదవ లేదు. పడుకునే ఒంటిని తలుచుకుని గుడ్డను ఏరే మనిషి మాత్రం మాకిక లేదు, రాదు.

అత్తా, పండుకునేది ఎవరని అడగకుండా నువ్వు కుట్టిన బొంత అదొక్కటే. నేను చూసి వచ్చి చెబుతున్నాను. ఇరవై రోజుల ఆడపిల్ల. ఇంకా పేరు పెట్టలేదు.