మొహం చల్లబడేదాకా

మా ఇంట్లో పళ్ల పేస్టు గొట్టాన్ని కింది నుంచి నొక్కే నాథుడు లేడు. అందరూ నడుం మీదే నొక్కుతారు. నేను పొద్దున్నే లేచి దాన్ని తోక నుంచి చుట్టుకుంటూ వస్తాను. ఆ రోజుల్లో గొట్టమంటే తగరంది, దానికో మర్యాద ఉండేది. చివరి బొట్టు దాకా చుట్టి వాడేవాళ్లం. నాకా విద్య పట్టుబడింది పళ్ల కోసం కాదు, మొహం కోసం.

అప్పుడు నేను బందరులో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. బుగ్గలూ ముక్కూ ఎప్పుడూ ఎండలోంచి వచ్చినట్టు ఎర్రగా ఉండేవి. (మా అమ్మ దాన్ని 'రంగు' అనేది. మిగతావాళ్లు ఏమనేవారో నా ఎదుట అనలేదు.) గుడివాడ సంబంధం కుదిరేలా ఉందనగా, పక్కింటి కాంపౌండరు బావ మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన పూతమందు గొట్టం ఒకటి తెచ్చిచ్చాడు. రాస్తే మూడో రోజుకి నా మొహం నాకే కొత్త. ఆ మొహంతోనే గుడివాడ వెళ్లాను, ఆ మొహంతోనే ప్రధానం జరిగింది. అమ్మాయి గుడ్లవల్లేరులో టీచరు. నన్ను రెండుసార్లు చూసింది, రెండుసార్లూ గొట్టాన్నే చూసింది.

నాలుగు నెలలు రోజూ రాశాను. పెళ్లి ఇంక మూడు వారాలుందనగా బావ తెచ్చిన గొట్టాల్లో చివరిది కూడా అయిపోయింది, బజార్లో సరుకు లేదు. నాలుగో రోజుకి ఎరుపు తిరిగొచ్చింది. వస్తూ వస్తూ బంధువుల్ని కూడా వెంటేసుకొచ్చింది. మంట, దురద, చిన్న చిన్న పొక్కులు. ఆసుపత్రి డాక్టరుగారు కళ్లజోడు పైకి తోసి చూసి, "మందు రోగాన్ని తగ్గించలేదు, నోరు నొక్కి కూర్చోబెట్టింది. ఇప్పుడు లేచింది. మళ్లీ రాయకు. చల్లటి తడిగుడ్డ వెయ్యి, ఎండా వేడి కాఫీ మానెయ్యి, రెండు నెలలు ఓపిక పట్టు" అన్నారు. పెళ్లికి మూడు వారాలు కూడా లేదని చెప్పాను. "మొహానికి ఆ సంగతి తెలీదు" అన్నారు.

ఈలోగా కబురు గుడివాడ చేరింది. కాబోయే మావగారు చర్చిలో సంఘపెద్ద. కల్లుపాకల మీద కత్తి కట్టిన మనిషి. ఎర్రమొహమంటే ఆయనకి ఒకటే అర్థం. చెప్పాపెట్టకుండా బందరులో బస్సు దిగారు. అమ్మ కాఫీ తెస్తే, "అబ్బాయి ప్రార్థన చేస్తాడు" అన్నారు. (మాలో పెద్దవాళ్లు ప్రార్థన చెయ్యమంటే కాదనకూడదు.) చేశాను. "పంటల కోసం కూడా" అన్నారు. చేశాను. "కాలవల కోసం." చేశాను. "దివిసీమ వాళ్ల కోసం." వాళ్లని గాలివాన నుంచి కాపాడమని అడుగుతూ, అనుమానమొచ్చి ఒక కన్ను తెరిస్తే, మావగారి ముక్కు నా నోటికి జానెడు దూరంలో ఉంది. ఆయన కళ్లు కూడా తెరిచే ఉన్నాయి. ఇద్దరం మూసుకున్నాం. ఆమెన్ అయ్యాక, "వాసనైతే లేదు" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. పూతమందు సంగతి చెప్పబోయాను. "ఇంటికెళ్లి ఆలోచిస్తాం అబ్బాయీ" అని లేచారు. కాఫీ తాగలేదు.

ఆ సాయంత్రమే బావ కొత్త గొట్టంతో ఊడిపడ్డాడు. "ఇవాళ రాస్తే ఎల్లుండికి మళ్లీ పెళ్లికొడుకువి. మానడం సంగతి పెళ్లయ్యాక చూసుకుందువుగాని లేరా." వేలి మీద బొట్టు కూడా వేసుకున్నాను, మంట అలాంటిది. అప్పుడు, పెళ్లయిన నెలకి ఆ అమ్మాయి ఓ పొద్దున్న లేచి ఈ మొహాన్ని మొదటిసారి చూడ్డం కళ్ల ముందు కదిలింది. వేలు తుడుచుకుని ఆ అమ్మాయికే ఉత్తరం రాశాను: "మీరు చూసింది నా మొహం కాదు, మందుది. అసలుది ప్రస్తుతం బీట్‌రూట్ రంగులో ఉంది. తగ్గుతుందట, తగ్గినా పాత ఎరుపు మిగులుతుంది. మీరు వద్దంటే నేనేమీ అనుకోను." (చివరి వాక్యం అబద్ధం.)

వారం రోజులు పోస్టుమాన్ మా వీధిలో అందరికీ ఉత్తరాలిచ్చాడు. ఎనిమిదో రోజు నాకొక పొట్లం వచ్చింది. మెత్తటి పాత మల్లు చీర చింపిన గుడ్డలు, నాలుగంచులూ మడిచి కుట్టినవి. చీటీలో ఒక్క ముక్క: "తడిపి వేసుకోండి."

ఆ ఉత్తరం మావగారికీ చూపించిందట, పెళ్లి ఎర్రమొహంతోనే జరిగింది. డాక్టరుగారు చెప్పినట్టే రెండు నెలలకి చల్లబడింది. పెళ్లి ఫొటో నలుపు తెలుపుది కాబట్టి మనవరాలు "తాతయ్యా, ఎంత బాగున్నావో" అంటుంది, నేను కాదనను. మొన్న ఆ ఫొటో తుడుస్తూ, ఇన్నేళ్లూ అడగని మాట మా ఆవిడని అడిగాను: ఆ ఉత్తరం చదివి కూడా ఎందుకు వద్దనలేదని. ఆవిడ చేతిలో పని ఆపి, ఇప్పటికీ కాస్త ఎర్రగా ఉండే నా ముక్కుకేసి చూసింది.

"అంతా నిజం రాసి, చివర్లో ఒక్క అబద్ధం రాశారు. అదీ చేతకాలేదు."