కత్తిరించని కొస

సిద్ధరాములు చేతులు చద్దరు కొసన తమ్ముడు గంగాధర్ పేరు నేస్తున్నాయి. పత్తి వంశగుణాలపై గంగాధర్ చేసిన పరిశోధనను పరదేశపు శాస్త్రవేత్తలు కూడా పేరు పెట్టి ఉదహరిస్తున్నారట; రేపు పూనాలో సన్మానం; సభలో అతనికి కప్పేది ఈ చద్దరే. సిద్ధరాములు సొంతంగా కల్పించిన నెమలి అంచును వాళ్లుండే దాజీ పేట్‌లో మగ్గాలన్నీ నేస్తున్నాయి. అతని పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.

"తమ్ముని పేరు కాడ మగ్గం పలక మస్తు గట్టిగ కొడుతున్నవ్. కడుపుమంటనా?" అంది భార్య చంద్రభాగ.

"మంటనే. వాని మాట తీసుకున్నోళ్లు వాని పేరు చెప్తుండ్రు. నా అంచు ఎత్కపోయినోళ్లల్ల ఒక్కడన్న చెప్పిండా?"

ఎవరు నేసిందో గుర్తు కోసం చద్దరు మొదటి కొసన నేతగాడు తన పేరు నేసుకుంటాడు. ఇచ్చేముందు ఆ కొస కత్తిరించేస్తాడు. ఈసారి సిద్ధరాములు కత్తెర ముట్టలేదు.

"సభల రెండు కొసలు ఇప్పి చూపెట్టు," అంటూ చద్దరు మడిచి, తీసుకుపోవడానికి వచ్చిన గంగాధర్ చేతిలో పెట్టాడు.