డియోడాండ్ అనే పాత మాట

మల్కాపురంలో గురునాథరావుని డిక్షనరీ గుమస్తా అంటే చిన్నపిల్లలకి కూడా తెలుసు. పోర్టులో ఓ ప్రైవేటు కాంట్రాక్టరు కింద, ఓడకెక్కే సరుకుని లెక్కచూసి రాసుకునే ఉద్యోగం ఆయనది. పనిలో చేరిన కొత్తలో పాత పుస్తకాల బండి మీద అట్ట ఊడిన లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఒకటి కొన్నాడు. ఏ మాట ఎక్కడ పుట్టిందో, ఏ దారిన ఇంగ్లీషులోకి వచ్చి పడిందో అందులో ఉండేది. వాడుక పోయిన మాటల పక్కన చిన్న కత్తి గుర్తు వేసి ఉండేది. ఆ చచ్చిన మాటలంటే ఆయనకి మరీ ఇష్టం.

ముప్పై ఏళ్ళలో ఆయన చెప్పేవన్నీ ఓపిగ్గా విన్నవాడు తవిటయ్య ఒక్కడే. ఓడ అడుగున సరుకు సర్దే గ్యాంగులో మనిషి. టీ వేళకి వచ్చి పక్కన కూలబడేవాడు.

"ఇయ్యాల మాటేటి బావా?"

"డెరిక్. సరుకెత్తే దూలాన్ని అంటాం కదా. నాలుగొందలేళ్ళ కిందట లండన్లో మనుషుల్ని ఉరి తీసేవాడి పేరది. ముందు ఉరికొయ్యకి ఆ పేరొచ్చింది. తరవాత దూలానికి వచ్చింది."

తవిటయ్య తలెత్తి క్రేన్ వైపు చూశాడు. "అయితే ఉరికొయ్య కిందే మనం టీ తాగుతన్నాం."

నిరుడు ఫిబ్రవరిలో చాపలా చుట్టిన ఉక్కు రేకుల కాయిల్స్ ఎక్కించే ఓడ ఒకటి వచ్చింది. ఒక్కో కాయిలూ ఇరవై టన్నులు. శుక్రవారం నాడు తవిటయ్య మామూలు మాట అడగలేదు.

"బావా, కాయిలు కట్టి ఎత్తే మూడో నంబరు స్లింగు సూసినావా? ఇనపతాడు తీగలు ఇచ్చుకుపోతన్నాయి. సూపర్వైజరుకి సెప్పినాను. ఈ ఓడ ఎల్లిపోనీ, సూద్దాం అన్నాడు."

గురునాథరావు వెళ్ళి చూశాడు. తీగలు నిజంగానే ముళ్ళలా పైకి లేచి ఉన్నాయి. సరుకు లెక్క తప్ప తాడు సంగతి రాసిపెట్టడం తన పని కాదనుకుని వచ్చేశాడు.

సోమవారం పదకొండు గంటలకి ఆ తాడు తెగింది. అడుగున తవిటయ్య ఉన్నాడు. పైనుంచి గురునాథరావు చూసింది ఒక చెప్పు మాత్రమే. నాలుగు గంటల తరవాత అదే క్రేన్ మళ్ళీ కదిలింది, కొత్త స్లింగుతో. కాగితం మీద ఆయన తరవాతి కాయిల్ నంబరు రాసుకున్నాడు.

మర్నాడు సూపర్వైజరు భీమశంకరరావు ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం తెచ్చాడు. చనిపోయినవాడు ఏమరుపాటున, ఎవరూ పంపకుండా తనంతట తానే, గాల్లో ఉన్న బరువు కిందకి వచ్చి నిలబడ్డాడని అందులో ఉంది.

"మీ ఇంగ్లీషు గట్టిది గురునాథం గారూ. మీ సంతకం ఉంటే ఎవడూ రెండోమాట అడగడు. వచ్చేనెల అందరి గేటు పాసులూ మళ్ళీ రాయాలి కదా, గుర్తుంది కదండీ?"

సంతకం పెట్టే చోట 'విట్‌నెస్' అని ఉంది. ఆ మాటకి మొదటి అర్థం సాక్షి కాదనీ, 'తెలిసి ఉండటం' అనీ ఆయనకి తెలుసు. తెలిసే సంతకం పెట్టాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు తవిటయ్య భార్య జోగమ్మ ఆ కాగితం నకలు పట్టుకుని వచ్చింది. "అన్నయ్యా, ఇది సదివి సెప్పు. నాకెవరి మీదా నమ్మకం లేదు, నీ మీద తప్ప."

ఆయన ఒక్కో వాక్యమే తెలుగులో చెప్పాడు. మాట మార్చలేదు. ఆమె చివరిదాకా విని, అడుగున వేలు పెట్టింది.

"ఈ సంతకం ఎవులిది?"

"నాదేనమ్మా."

"తీగలు ఇచ్చుకుపోతన్నాయని ఇంటికొచ్చి నాకు సెప్పినాడు. నీకు సెప్పలేదేటి?"

"చెప్పాడు. నేను కళ్ళారా చూశాను కూడా."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ వారమే గురునాథరావు జరిగినదంతా రాసి, ప్రమాదం మీద విచారణ జరిపే అధికారికి ఇచ్చాడు. నెల తిరక్కుండా గేటు పాసు, దాంతో పాటు ఉద్యోగమూ పోయాయి.

విచారణ రోజున అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. "రెండింటి మీదా మీ సంతకమే ఉంది. ఏది నమ్మమంటారు? ఆ స్లింగు చూపించండి." స్లింగు ఎక్కడుంది? తుక్కులో ముక్కలై ఎప్పుడో కరిగిపోయింది. తవిటయ్యదే తప్పని తేలింది.

బయట బస్టాపులో జోగమ్మ ఆయనకి దూరంగా నిలబడింది. కొంతసేపటికి తనే అడిగింది. "మనిసిని సంపిన తాడుని తుక్కులో ఎలాగ ఏసీసారన్నయ్యా? అడిగీవోళ్ళు లేరేటి?"

"ఇంగ్లండులో ఒకప్పుడు ఉండేవారమ్మా. బండి గానీ, ఎద్దు గానీ, మనిషి ప్రాణం తీస్తే ఆ వస్తువు సొంతదారుది కాకుండా పోయేది. రాజు తీసుకుని దానధర్మాలకి ఇవ్వాలి. డియోడాండ్ అనేవారు. దేవుడికి ఇవ్వవలసినది అని అర్థం."

"ఇప్పుడు లేదా?"

"రైళ్ళొచ్చాయి. వాటి కింద పడి మనుషులు ఎక్కువగా చనిపోవడం మొదలైంది. రైలింజన్లు దేవుడికిచ్చుకుంటూ పోతే కంపెనీలు ఏం కావాలి? నూట ఎనభై ఏళ్ళ కిందట ఆ చట్టం తీసేశారు."

"మరి ఆ సచ్చిపోయినోళ్ళ పెళ్ళాలు ఏటి సేసినారు?"

"పుస్తకంలో అది రాయలేదమ్మా."

బస్సు వచ్చింది. ఆమె ముందు తలుపులోంచి ఎక్కింది. ఆయన ఆ బస్సు ఎక్కలేదు.

జోగమ్మ ఇప్పుడు రొయ్యల షెడ్డులో పనిచేస్తోంది. విచారణలో తేల్చినదాని మీద పై కోర్టుకి అర్జీ పెట్టింది, రెండుసార్లు వాయిదా పడింది. వాయిదా ఉన్నప్పుడల్లా గురునాథరావు దువ్వాడలో తాను ఇప్పుడు కాపలా ఉండే గోడౌనుకి సెలవు పెట్టి వచ్చి, కోర్టు వరండాలో కూర్చుంటాడు. సాక్ష్యానికి ఎవరైనా పిలుస్తారేమోనని సాయంత్రం దాకా చూస్తాడు. ఆమె ఆయన్ని పలకరించదు. పొమ్మనీ అనదు.