సరంగుకి రెండో సంతకం: విశాఖలో ఒక పగలు

ఈసారి విశాఖ వెళ్లింది బీచ్ కోసం కాదు, అరకు కోసమూ కాదు, ఒక సంతకం కోసం. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మంచి హోటల్ పేరు చెప్పమని నా ప్రాణం తీస్తారు. విశాఖలో ఉండే అప్పలరాజు గారూ, విజయవాడలో ఉండే నేనూ కలిసి 'సరంగు' అనే పనిముట్టును నడుపుతున్నాం. ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాషకి అది ప్యాకేజీ మేనేజర్. భయపడకండి, విషయం తేలికే. ప్రోగ్రాములు రాసేవాళ్లు ప్రతిదీ మొదటినుంచి రాసుకోరు. తేదీలు లెక్కగట్టే కోడు ఒకరు రాస్తారు, పటాలు గీసే కోడు ఇంకొకరు రాస్తారు, అందరూ వాడుకోండని ఊరికే ఇచ్చేస్తారు. వాటిని లైబ్రరీలంటారు. మీకు ఏది కావాలో చెబితే, దానికి పొసగే మిగతావాటితో సహా సరైన వెర్షన్ తెచ్చి మీ కంప్యూటర్లో సర్దిపెట్టేది మా సరంగు. మాకు దీనికి జీతం లేదు. ఉద్యోగాలు చేసుకుంటూ, సాయంత్రాలూ సెలవులూ దీనికి పోస్తున్నాం. ముక్కూమొహం తెలియని దేశాల్లో పిల్లలు ప్రోగ్రామింగ్ చదువు మొదలుపెట్టేది మా సరంగుతోనే. గర్వంగా ఉందా అంటే ఉంది, దాచుకోవడం దేనికి?

సంతకం సంగతి ఏమిటంటే, సరంగు కొత్త వెర్షన్ విడుదల చేసినప్పుడల్లా దానిమీద అప్పలరాజు గారి తాళంచెవితో ముద్ర పడాలి. ఆ ముద్ర లేకపోతే ఏ కంప్యూటరూ దాన్ని నమ్మదు, లోపలికి రానివ్వదు. ఆ తాళంచెవి ఒక్క మనిషి చేతిలోనే ఉండటం మంచిది కాదని మా వాడుకరులంతా కలిసి తేల్చారు. రెండోది నా దగ్గర ఉండాలి. నేనే నేనని ఆయన కళ్లారా చూసి, తన తాళంచెవితో నాదానికి పూచీ పడాలి. అది ఫోనులో అయ్యే పని కాదు. పైగా ఎవరో దొంగ లైబ్రరీలు దూర్చడానికి వీలున్న ఒక కంత ఈమధ్య బయటపడింది. దాన్ని పూడ్చిన వెర్షన్ శనివారం మధ్యాహ్నానికల్లా విడుదల చేస్తామని మాటిచ్చాం. రెండు పనులూ ఒకే రోజు అయిపోతాయని శుక్రవారం రాత్రి బండెక్కాను.

ఇంకా చీకటి ఉండగానే విశాఖ స్టేషన్లో దిగాను. తిన్నగా ఫిషింగ్ హార్బర్‌కి రమ్మన్నారు అప్పలరాజు గారు. వాళ్ల అక్క భర్త నూకరాజు బోటు ఆ వేళకే ఒడ్డుకొస్తుందట, చేపలు తీసుకుని ఇంటికి వెళ్దామన్నారు. ఆటో నూట యాభైకి కుదిరింది. పగలైతే తగ్గించి అడగండి, తెల్లవారుజామున మాత్రం బేరం సాగదు. పాత పోస్టాఫీసు మీదుగా పోతుంటే డ్రైవర్ అద్దంలోంచి చూసి, "ఏటమ్మా, ఇంత పొద్దున్నే సేపలకేనా?" అన్నాడు.

"కాదయ్యా, సంతకానికి."

"అక్కడ సంతకాలేటమ్మా? అరుపులే గాని!" అని నవ్వాడు.

నిజమే చెప్పాడు. హార్బర్‌లో అడుగుపెట్టేసరికి అరుపులతో చెవులు గింగురుమన్నాయి. దీపాల వెలుగులో బోట్లు వరసగా ఆనుకుని ఉన్నాయి, ఐసు బండలు పగలగొడుతున్నారు, వంజరాలూ చందువాలూ నేలమీద కుప్పలు పోసి వేలం పాడుతున్నారు. నా చెప్పులు అప్పుడే తడిసి ముద్దయ్యాయి. అన్నేళ్లుగా వీడియో కాల్‌లో భుజాల దాకానే చూసిన అప్పలరాజు గారు ఇంత పొడగరి అని నాకు తెలియదు. "నమస్కారం శారద గారూ, ప్రయాణం సౌకర్యంగా జరిగిందా?" అన్నారు. ఆయన మాటతీరు ఎప్పుడూ అంతే. కాల్‌లో కూడా అచ్చు వేసిన పుస్తకంలాగా మాట్లాడతారు.

ఇంతలో లుంగీ ఎగ్గట్టుకుని నూకరాజు వచ్చాడు. బోటు నడిపే పెద్దని ఇక్కడ సరంగు అంటారు. వల ఎక్కడ వెయ్యాలన్నా, ఎప్పుడు వెనక్కి తిరగాలన్నా ఆయన మాటే మాట. మా పనిముట్టుకి ఆ పేరు పెట్టడానికి కారణం ఈ మనిషే. ఆ ముక్క నేను చెప్పగానే ఆయన నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"మా పదవి ఎత్తుకెళ్లి పెట్టీసుకున్నాడమ్మా ఈడు. ఇంతవరకూ ఒక టీ పోయించనేదు."

"బావా, శారద గారికి కొంచెం మంచి చేపలు చూడండి," అన్నారు అప్పలరాజు గారు.

నూకరాజు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "చూడండా? ఏటి బావ, టీవీల వార్తలు సదూతన్నావేటి?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. అప్పలరాజు గారు చిన్నగా నవ్వి ఊరుకున్నారు. నేనూ నవ్వాను, అంతకుమించి ఏమీ ఆలోచించలేదు. చేపలు శుభ్రం చేయించి తనే ఇంటికి పట్టుకొస్తానని నూకరాజు మమ్మల్ని పంపించేశాడు.

అప్పలరాజు గారి బైకు మీద మల్కాపురం వెళ్లాం. హార్బర్ నుంచి అటు వెళ్లేవాళ్లు తెల్లారకముందే బయల్దేరడం మంచిది, తర్వాత పోర్టు లారీలతో దారంతా నిండిపోతుంది. దారిలో ఒక బండి దగ్గర ఆగి వేడివేడి ఇడ్లీ తిన్నాం. ఆయన ఇల్లు మేడమీద రెండు గదులు. కిటికీలోంచి పోర్టు క్రేన్లు కనిపిస్తాయి. ఆయన భార్య లక్ష్మిది భీమవరం. వాళ్ల నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. "రండక్కా, కాళ్లు కడుక్కోండి, మా ఆయన నోట మీ పేరే వింటున్నానండీ," అని చేతికి కాఫీ ఇచ్చింది.

బీరువాలోంచి ఆ తాళంచెవి బయటికొచ్చింది. చూడ్డానికి పెన్‌డ్రైవ్ లాంటిది, చిటికెన వేలంత ఉంటుంది. దాన్ని లాప్‌టాప్‌కి గుచ్చి, ఒక రహస్య వాక్యం కొడితే తెరుచుకుంటుంది. ఎవరైనా దొంగిలించినా వాడలేకుండా, వరసగా కొన్నిసార్లు తప్పు కొడితే తనలో ఉన్నదంతా తనే చెరిపేసుకుంటుంది. మేమే ఏరికోరి కొన్నాం అలాంటిదాన్ని! అప్పలరాజు గారు వాక్యం కొట్టారు. తప్పు అంది. నెమ్మదిగా మళ్లీ కొట్టారు. తప్పు. పాత లాప్‌టాప్ ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకుని ఊరుకునేది, ఆయన్ని ఎప్పుడూ అడిగేది కాదు. ఆ లాప్‌టాప్ పోయింది. కొత్తది ఇప్పుడే మొదటిసారి అడుగుతోంది. పదాల మధ్య ఖాళీలు తీసేసి చూశారు, పెద్దక్షరాలు పెట్టి చూశారు. చివరికి తెరమీద ఇక ఒక్క ప్రయత్నమే మిగిలిందని వచ్చింది.

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నారు. ఆ ఒక్కటీ తప్పితే తాళంచెవి చచ్చిపోయినట్టే. అప్పుడు మేము విడుదల చేసే ఏ వెర్షన్‌నీ ఏ కంప్యూటరూ నమ్మదు. వాడేవాళ్లంతా పాత సరంగును తీసేసి, ఎవరిదో తెలియని కొత్త ముద్రను నమ్మి మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలి. అంతవరకూ ఆ కంత తెరిచే ఉంటుంది. మధ్యాహ్నానికి మాటిచ్చి ఉన్నాం. అన్నిటికన్నా, ఇన్నేళ్లలో ఒక్క విడుదల కూడా తప్పించని మనిషి పరువు అది.

"వాక్యం నాకు గుర్తుంది శారద గారూ. నిజంగా గుర్తుంది," అన్నారు. "'నేను వస్తున్నాను బావా, చేపలు ఉంచు', అదే వాక్యం. ఇంగ్లిషు అక్షరాలతో. ఇంకేమీ లేదు." ఆ వాక్యాన్ని తర్వాత మార్చేశాం కాబట్టి ఇక్కడ ధైర్యంగా రాస్తున్నాను.

ఆయన తెర వైపే చూస్తూ కూర్చున్నారు. నాకసలే ఓపిక తక్కువ, గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. మెట్లమీద చప్పుడై, చేపల సంచీతో నూకరాజు లోపలికొచ్చాడు. "ఏటి బావ, అలగ కూకున్నావేటి?"

అప్పలరాజు గారు తలెత్తారు. నేను అక్కడున్న సంగతే మర్చిపోయినట్టున్నారు. "అయిపోనాది బావ. నాను పెట్టుకున్న మాటే, నాను సెప్తే దీనికి ఎక్కటం నేదు. నా పరువు పోనాది. ఏటి సెయ్యాలో తెలవటం నేదు."

నేను తిరుగుతున్నదాన్ని ఠక్కున ఆగిపోయాను. నాను! ఇన్నేళ్లలో ఆ నోట 'నేను' తప్ప ఈ మాట ఎప్పుడూ వినలేదు.

"అప్పలరాజు గారూ, ఆ వాక్యం పెట్టుకున్నప్పుడు పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ. అప్పుడే బావతో ఫోను మాట్లాడి పెట్టేశాను. అదే మాట తగిలించాను."

"మీ బావతో ఫోనులో 'నేను వస్తున్నాను, చేపలు ఉంచు' అన్నారా?"

నూకరాజు పకపకా నవ్వాడు. "అలగంటే ఎవుడో అనుకుని నాను ఫోన్ ఎట్టీసీవోణ్ని!"

అప్పలరాజు గారు నా మొహం చూశారు, బావ మొహం చూశారు. చెవుల దాకా ఎర్రబడ్డారు. "కంప్యూటర్ ముందు కూర్చుంటే చేతులకి కూడా పుస్తకం భాషే వచ్చేస్తుందండీ," అన్నారు మెల్లగా. హైదరాబాదులో మొదటి ఉద్యోగంలో ఆయన నోరు తెరిస్తే చాలు, పక్కవాళ్లు అనుకరించి నవ్వేవారట. అప్పుడే దిద్దుకున్నారట మాటని. ఆఫీసులో ఇంగ్లిషు, నాతో పుస్తకం, ఇంట్లో లక్ష్మితో కూడా అదే. సొంత మాట మిగిలింది ఒక్క హార్బర్లోనే. ఆ నవ్వినవాళ్ల మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న లక్ష్మికి కళ్లనీళ్లు తిరిగాయి. "ఏవండీ, పెళ్లైన కొత్తలో మీరు 'సేపలు' అంటే నవ్వొచ్చి నవ్వానండీ, అంతే. దానికి ఇన్నాళ్లు బిగుసుకుపోతారేంటండీ బాబూ?"

"తెర చూడకండి," అన్నాను నేను. "మీ బావని చూస్తూ కొట్టండి."

"మా యాసలో 'వస్తున్నాను'లో త్త పలుకుతుంది, అక్కడ ఎన్ని ఇంగ్లిషు అక్షరాలు కొట్టానో గుర్తులేదండీ."

"నన్ను కాదు, ఆయన్ని చూడండి."

అప్పలరాజు గారు నూకరాజు వైపు తిరిగారు. "నాను ఒత్తన్నాను బావ, సేపలు ఉంచు," అని పైకే అంటూ, అంటున్న వేగంతోనే కొట్టేశారు. వేలు చివరి మీట మీద ఆగింది. "ఎహె, కొట్టీ బావ!" అని అరిచాడు నూకరాజు. కొట్టారు.

తెరుచుకుంది.

నేను కేక పెట్టానట. నాకు తెలియదు, కింది వాటావాళ్లు పైకి వచ్చి ఏమైందని అడిగితే తెలిసింది. నా గుర్తింపు కార్డు తీసి చూపిస్తే, అప్పలరాజు గారు ఫొటోనీ నన్నూ నిజంగానే ఒకటికి రెండుసార్లు పోల్చి చూసుకుని, నా తాళంచెవికి పూచీ పడ్డారు. చెప్పిన వేళకి కొత్త వెర్షన్ రెండు సంతకాలతో విడుదలైంది. కాసేపటికే ఎక్కడెక్కడి నుంచో కబుర్లు మొదలయ్యాయి, అందింది, పనిచేస్తోంది, కృతజ్ఞతలు అని. ఒక్కొక్కటీ చదివి తెలుగులో చెబుతుంటే నూకరాజు, "అయితే అందరి తాళాలూ మా యాసతోనే తెరుసుకున్నాయన్నమాట!" అన్నాడు. ఔను, అక్షరాలా అంతే. ఆ మధ్యాహ్నం లక్ష్మి వండిన వంజరం పులుసు తిన్నంత ఆనందంగా నేను ఏ విందులోనూ తినలేదు.

సాయంత్రం బండికి తిరిగొస్తూ కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. మాదంతా అంకెలూ ముద్రలూ వెర్షన్లూ అనుకుంటాం. తీరా చూస్తే, దేశదేశాల కంప్యూటర్లు నమ్మిన ఆ ముద్ర వెనక ఉన్నది ఒక మనిషి పదిమందిలో దాచుకున్న సొంత మాట. అలాంటి మనిషితో కలిసి పనిచేస్తున్నందుకు గర్వంగా ఉంది, ఇన్నేళ్లు ఆయన అసలు గొంతు వినలేదే అని బాధగానూ ఉంది. మరుసటి వారం కాల్‌లో కొత్తగా చేరిన వాలంటీర్లు నలుగురైదుగురు ఉన్నారు. అప్పలరాజు గారు తెరమీదకి వచ్చి, ఒక్క క్షణం తటపటాయించి, "ఏటి శారద గారూ, ఏటి సేత్తన్నారు?" అన్నారు.

ఇక మీకు పనికొచ్చే చిట్కా ఒకటి. హార్బర్‌కి తెల్లవారకముందే వెళ్లండి, కాళ్లకి రబ్బరు చెప్పులు వేసుకోండి, ఇవి ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది తాళాల గురించి. రహస్య వాక్యం తెలుగులో పెట్టుకుంటే, పెట్టుకున్న రోజే ఒకసారి దాన్ని పైకి అని చూసుకోండి. పరాయివాళ్లు ఎవరూ లేనప్పుడు మీరు మాట్లాడే గొంతుతో అనండి, ఆ గొంతు ఎలా పలికితే అలాగే కొట్టండి, ఒక్క అక్షరం కూడా దిద్దకండి.