ఖాళీ పిడికిలి

ఐకిడో గురువుగారు తరగతికి ముందు తన గోళ్ళు తడిమి చూసుకుంటారు. పట్టులో ఎదుటివారి చర్మం గీరుకుపోకూడదని. ఆయన నేర్పే ఆ జపాను విద్యలో దెబ్బ లేదు, గెలుపూ లేదు. ఎవరైనా మణికట్టు పట్టుకుంటే ఆయన లాక్కోరు. ఒక పాదం వెనక్కి వేసి, ఆ బలంతోపాటే తిరిగి, ఎదుటివారి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమనున్న సందులోంచి చెయ్యి జార్చేస్తారు. "పట్టుకున్నవాడు పగవాడు కాదర్రా. వాడికేదో భయం. దాన్ని కలుపుకుపోవాలే గానీ ఎదిరించకూడదు," అంటారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే మాట.

మొన్న ఉదయం ఆయన భార్యను గుండె ఆపరేషనుకు తీసుకువెళ్ళారు. చక్రాల మంచం ఆపరేషను గది తలుపు దాకా వచ్చేసరికి ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. "మీ శిష్యులెవరూ ఇంత గట్టిగా పట్టుకుని ఉండరు. విడిపించుకోండి చూద్దాం," అని నవ్వింది. వేళ్ళు చల్లగా తగిలాయి.

"ఇక వదిలెయ్యండమ్మా," అంది నర్సు, మంచం తోస్తూ.

పట్టు ఇంకా బిగిసింది. ఆయన ఆలోచించేలోపే పాదం వెనక్కి పడింది, నడుము తిరిగింది, చెయ్యి జారి వచ్చేసింది. ఎప్పటిలాగే, ఎవరికీ నొప్పి కలగకుండా. ఆమె తన ఖాళీ పిడికిలి వైపు చూసుకుంది. ఆయన గబుక్కున మణికట్టు మళ్ళీ చాచారు. మంచం లోపలికి వెళ్ళింది, తలుపు మూసుకుంది. చాచిన చెయ్యి అక్కడే ఉండిపోయింది, పట్టుకునేవాళ్ళు లేక.