అవ్వ చారల దోస

మా అవ్వ పెంచిన చారల దోస గురించి లైబ్రరీలోని ఏ వ్యవసాయ పుస్తకంలోనూ లేదు. అన్నీ తిరగేశాను. అందుకే రాసిపెడుతున్నాను.

మాఘమాసంలో నాటడానికి నిన్న పాతరకం దోస గింజలు ఏరుతుంటే, ఆ వాసనకి ఇందుకూరుపేట దగ్గరి మా ఇసుక దొడ్డి గుర్తొచ్చింది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆ ఏడు అవ్వ దాచిన గింజలన్నీ నాటేసింది. గట్టు అవతలి గుంటలో రొయ్యలు బాగా బలుస్తున్నాయి కదా, ఆ నీళ్లు తీగలకూ బలమే అనుకుని రోజూ బిందెతో తెచ్చి పోశాను. వారానికల్లా పాదులన్నీ మాడిపోయాయి. అవ్వ చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని, నావైపు చూసింది.

"పాదులకేమైందిమా?" అన్నాడు నాయన.

"ఎండరా. పాపం, నీ కూతురు రోజూ నీళ్లు పోస్తానే ఉండింది."

మెచ్చుకుందని పొంగిపోయాను. ఉప్పునీళ్లు నేలని ఏం చేస్తాయో చాలా ఏళ్ల తర్వాత చదివాను. అప్పటికి అవ్వా లేదు, ఆ విత్తనమూ లేదు.

దానికి దగ్గరి రకం గింజలు పంపిన కోటమ్మక్కకు, పుస్తకాలు వెతికిపెట్టిన రమణయ్య గారికి కృతజ్ఞతలు. మా అవ్వ పేరు చెంచమ్మ. ఆమెకు కూడా.